ఉత్తరపు గోడ కండ్లు

ఆ తారీకు నాకు బాగా గుర్తు. రెండువేల పదకొండు, సెప్టెంబరు ఇరవై తొమ్మిది, గురువారం. పొద్దున మేం తిన్నది ముందునాటి అటుకుల బతుకమ్మకు మిగిలిన అటుకులు, బెల్లం. పొయ్యి వెలగలేదు. రాత్రి ఉత్తరపు గోడ మీది నుంచి జారిపడ్డ కొబ్బరికాయంత రాయి ఇంకా పొయ్యి పక్కనే ఉంది. దాన్ని తీసి బయట పెట్టడానికి ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు.

"మీ బావకు చెప్పు," అన్నాడు నా తమ్ముడు ఉపేందర్, నాకు మూరెడు దూరంలో కూర్చుని. "రేపు పొద్దుగాల ఎనిమిదింటికి జేసీబీ వస్తాంది. ఆయన పుస్తకాలు ఇయ్యాలనే సర్దుకోమను."

మరదలు జానకి నావైపు చూసింది. నేను అటుకుల్లో బెల్లం ముక్క వెతుక్కుంటున్నాను.

"విన్నరంట," అంది.

"విని ఏమంటుండు?"

"మీరే అడుగుండ్రి. ఇటు మాట అటు మోసేటందుకు నేనేమన్న బస్సునా? బస్సులు గుడ సమ్మెల ఉన్నయి."

నాకు నవ్వొచ్చింది. ఉపేందర్ నవ్వలేదు గాని, నమలడం ఒక్క క్షణం ఆపాడు. నాలుగు రోజులుగా మా ఇద్దరి మధ్య సూటిగా మాట లేదు. ఆ ఒక్క క్షణం కూడా నాకు ఎక్కువే అనిపించింది.

"కూలగొట్టొద్దని నేనన్లేదు," అన్నాను జానకితోనే. "మైసమ్మ వచ్చి చూసేదాక ఆగుమన్న. ఈ గోడ కట్టింది ఆమె మామ. మన కౌలు భద్రు నిన్న సైకిలేసుకొని భూపాలపల్లి పోయి చెప్పొచ్చిండు. ఇయ్యాల వస్తనన్నదట."

"మూడొద్దుల సంది గదే మాట," ఉపేందర్ ఈసారి నావైపే తిరిగాడు. "చూస్తం, చేస్తం, ఆలోచిస్తం. నువ్వు గుడ ఢిల్లోల్లలెక్క తయారైనవన్నా."

అన్నా అన్నాడు. కోపంలోనే అయినా అన్నాడు.

"గోడ రాత్రి కూలితే ఎవరు జవాబు? గా అర్రల పండుకునేది నా బిడ్డ. దేవుని దయ, బస్సులు బందుకాకముందే జనగామకు అమ్మమ్మ దగ్గరికి తోలినం. నిఖిత ఉండంగ ఆ రాయి పడుంటే?"

నిఖితకు పద్నాలుగేళ్లు. గోడ వైపే తలపెట్టి పడుకుంటుంది. వాడి మాటలో న్యాయం ఉంది. అందుకే ఈ నాలుగు రోజులూ నేను గట్టిగా వాదించలేకపోయాను.

వాడి కోపం ఇంకోవైపు తిరిగింది.

"నాయిన సచ్చేదాక ఒక్కటే చెప్పె. ఉత్తరపు గోడ కండ్లు ముయ్యకుండ్రి, ఇల్లు నిలవదని. తాత ఆయనకు చెప్పిండట. అటువంటిది రేకులు కొట్టించిందెవరు?"

జానకి గిన్నె తీసుకుని లేచింది. ఆమె కుడిచేతి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

ఆ గోడలో రెండు చిన్న కిటికీలున్నాయి. తాత మాట మీద మూడు తరాలుగా వాటికి తలుపులు పెట్టలేదు. వానాకాలం జల్లు పడి పక్కలు తడిసేవి. చలికాలం మా అమ్మ పాత చీరలు అడ్డం కట్టి, నాన్న చూడకముందే తెల్లారి విప్పేది. నా భార్య ప్రసన్న కూడా అంతే. ఈ ఆషాఢంలో జానకి ఓపిక పోయి రేకులు కొట్టించింది. రెండు నెలలు తిరగకుండా గోడ నిలువునా నెర్రె విచ్చింది.

మొన్న సాయంత్రం పెరట్లో చప్పుడైతే చూశాను. జానకి పీట మీద నిలబడి సుత్తి వెనకభాగంతో మేకులు పీకుతోంది. వేలికి రక్తం కారుతోంది. నన్ను చూసి, "ఆయనకు చెప్పకుండ్రి బావా," అంది. నేను చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

*

పదకొండు గంటలకు మోటారుసైకిలు చప్పుడైంది. కొడుకు రాజమల్లు వెనక మైసమ్మ ఒకవైపుకి కూర్చుని ఉంది. ఎనభై ఏళ్లుంటాయి. ఒళ్లో చిన్న గుడ్డమూట.

"బాయి బందువెట్టి పదిహేడొద్దులాయె సారు," అన్నాడు రాజమల్లు బండి ఆపుతూ. "బొగ్గుల దిగుడు మొదలువెట్టిన సంది ఇన్ని పగళ్లు ఒక్కతీరుగ ఎండ చూడలె నేను. ఇగ మా అవ్వకు డ్రైవర్ నౌకరి చేస్తున్న."

"జీతం లేదు వీనికి," అంది మైసమ్మ దిగుతూ. "తెలంగాణ వచ్చినంక ఇస్తనన్న."

తెలంగాణ కోసం ఈ సమ్మె లేకపోతే రాజమల్లు భూమి అడుగున ఉండేవాడు. మైసమ్మ వచ్చేది కాదు. కాలేజీకి తాళం పడకపోతే నేనూ ఈ వేళప్పుడు ఇంట్లో ఉండేవాణ్ని కాను. ఆ నెలంతా అందరికీ కష్టమే. ఆ కష్టంలోంచి ఒక మేలు మా వైపు ఇలా తిరిగింది.

జానకి నీళ్లిచ్చింది. మైసమ్మ తాగి, చెంబు కిందపెట్టి, తలెత్తి ఇంటిని చూసింది. చాలాసేపు చూసింది.

చేను మధ్య నిలబడ్డ రాతి ఇల్లు మాది. బావి తవ్వినప్పుడు వచ్చిన రాయినే చెక్కి కట్టారు. మూరెడున్నర మందం గోడలు, బయట ఒక రాతి వరస, లోపల ఒక రాతి వరస, మధ్యలో పుట్టమన్ను. దక్షిణం వైపు పశువుల కొట్టం, నడుమ గింజల అర్ర, ఉత్తరం వైపు మేముండే గదులు. అన్నింటిమీదా ఒకటే గూనపెంకుల కప్పు. నేల దక్షిణం నుంచి ఉత్తరానికి వాలుగా ఉంటుంది కాబట్టి ఉత్తరం వైపు నడుమెత్తు గద్దె కట్టి, మన్ను నింపి, ఇల్లంతా ఒక్క మట్టానికి తెచ్చారు. దర్వాజలన్నీ పొట్టివే. తల వంచకుండా ఎవరూ లోపలికి రాలేరు. ఉపేందర్ తల ఎన్నిసార్లు తగిలిందో లెక్కలేదు.

"నేను పెండ్లయి వచ్చిన ఏడే కట్టిన్రు," అంది మైసమ్మ. "పదేండ్లు నాకు. మా మామ ఎల్లయ్య రాయి వెట్టుడు, నేను మన్ను మోసుడు. నిజాం కాలం. దా బిడ్డా, ఎటువోతున్నవ్ అని మీ నాయినమ్మ నాకు రోజు ఇంత బెల్లం వెడుతుండె."

"అవ్వా, గోడ చూడు ముందు," అన్నాడు ఉపేందర్.

"చూస్త. అది యాడికి వోతది? పోయేదుంటే రాత్రే పోతుండె."

ఇంటి వెనక్కి నడిచాం. గోడ చుట్టూ గునుగు మొక్కలు పూసి ఉన్నాయి. మైసమ్మ ఉత్తరపు గోడ మీద అరచెయ్యి ఆనించి, పశువును నిమిరినట్టు అటూ ఇటూ రాసింది.

"కడుపొచ్చింది దీనికి," అంది.

గుడ్డమూట విప్పింది. లోపల ఇత్తడి గుండు, నూలుదారం. మామది. పీట తెప్పించి, రాజమల్లును ఎక్కించి పైనుంచి గుండు వదిలించింది. దారం పైన గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఉంది. నడుముకు వచ్చేసరికి గోడ ముందుకొచ్చి దారాన్ని తాకింది. ఉబ్బు కళ్లకు కట్టినట్టు కనబడింది.

"చూసినవా అన్నా," అన్నాడు ఉపేందర్. ఆ గొంతులో గెలుపు లేదు. భయమే ఉంది.

"దీని కండ్లేవి?" మైసమ్మ అడిగింది.

ఉపేందర్ పైకి చూపించాడు. "గవే. రేకులు కొట్టించింది మా ఆడిది. మల్ల పీకేసినట్టున్నది, మొన్నెప్పుడో."

మైసమ్మ కిటికీల వైపు చూసింది. తర్వాత ఉపేందర్ వైపు. పళ్లులేని నోటితో నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేదు. చివరికి గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

"గవి కిటికీలు బిడ్డా. నేను కండ్లడుగుతున్న."

"గవే కదా కండ్లు. మా తాత చెప్పిపోయిండు..."

"మీ తాత సావుకారి. గింజల భాష ఆయనకెరుక. ఇది రాయి కొట్టే మా ఒడ్డెరోల్ల మాట. గోడకు కండ్లు మొఖంల ఉండయి. కాళ్లకాడ ఉంటయి." ఆమె చేతికర్రతో గోడ మొదలు చూపించింది. "కొట్టం కడిగిన నీళ్లు, వానల ఇంకిన నీళ్లు అన్ని గద్దె కిందికెళ్లి ఇటే వస్తయి. అవి పోయేటందుకు గోడ మొదట్ల బొక్కలు. ఏడు వెట్టిండు మా మామ. మీ తాతకు చెప్పింది గవాటి ముచ్చట."

మూడు తరాలు. మా అమ్మ చలిలో కట్టి విప్పిన చీరలు, తడిసిన పక్కలు, ఎప్పుడూ దగ్గుతూ ఉండే నాయనమ్మ. అన్నీ ఆ ఒక్క మాటను తప్పుగా వినడం వల్ల.

జానకి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"మరి గా కండ్లేవి?" అన్నాడు ఉపేందర్, మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతూ. "ఈడ బొక్కలేం లేవవ్వా. మొత్తం సిమెంటే ఉన్నది."

"సిమెంటు ఎవరు కొట్టిన్రు?"

నేను అప్పటికే కింద చూస్తున్నాను.

"నేనే," అన్నాను.

*

ఎనభై ఎనిమిదిలో నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఆ ఏడే ప్రసన్న ఈ ఇంటికి వచ్చింది. వచ్చిన రెండో నెల, ఈ గోడ పక్కన మిరపకాయలు ఎండబోస్తుంటే తేలు కుట్టింది. రాత్రంతా నా చెయ్యి పట్టుకుని పళ్లు బిగించి పడుకుంది. తెల్లారి వచ్చి చూస్తే గోడ మొదట్లో వరసగా పిడికెడంత బొక్కలు. తేళ్ల బొక్కలనుకున్నాను. పరకాల నుంచి బండి మీద సిమెంటు తెప్పించి, ఎవరినీ పిలవకుండా నా చేతులతోనే మోకాలెత్తున పూసేశాను. ఇంట్లో కాలేజీ చదివినవాణ్ని నేనొక్కణ్నే. నన్నడిగేవాడెవడు?

"ఇరవైమూడేండ్లు నీళ్లు లోపటనే ఉన్నయి," అంది మైసమ్మ. ఆ గొంతులో తిట్టు లేదు. "మంచిగనే ఆగింది పాపం."

ఉపేందర్ నావైపు చూస్తున్నాడు. వాడు ఇప్పుడేమన్నా నేను పడాల్సిందే. గోడ నెర్రె విచ్చినప్పటి నుంచి జానకి పడింది.

"జానకీ," అన్నాను. "నీ రేకులకు, ఈ గోడకు ఏం సంబంధం లేదమ్మా."

ఆమె తల ఊపింది. వాడి వైపు మాత్రం చూడలేదు.

భద్రు గడ్డపార తెచ్చాడు. పదిహేనేళ్లుగా మా చేను కౌలుకు చేస్తున్నాడు, కొట్టం పక్కనే ఉంటాడు. మైసమ్మ కర్రతో గోడ వెంట అడుగులు కొలిచి చూపించిన చోటల్లా కొట్టాడు. మొదటి కన్ను తెరుచుకోగానే లోపలినుంచి ఒక తేలు బద్ధకంగా బయటికొచ్చింది.

"గిది మీ పాత కిరాయిదారే సారు," అన్నాడు భద్రు, దాన్ని గడ్డపార కొసతో గునుగులోకి నెడుతూ.

వరసగా ఆరు తెరిచాడు. తడిమన్ను జారింది. నీళ్లు మాత్రం చెమటపట్టినంతే.

"వాలు గటు ఉన్నది," మైసమ్మ ఈశాన్యం మూల చూపించింది. "నీళ్లన్ని ఆడికే వోతయి. ఏడోది తియ్యి."

భద్రు ఆ మూలకు వెళ్లి ఆగిపోయాడు. గడ్డపార దించేశాడు.

ఆ మూలన సిమెంటు మీద ఒక అరచేతి గుర్తు ఉంది. ఆ రోజు నేను పూయడం ముగించాక, పచ్చిగా ఉండగానే ప్రసన్న వచ్చి చెయ్యి అద్దింది. "ఇగ తేళ్లు నా చేతిని చూసి ఎన్కకు వోతయి," అంది. ఆమె పోయి మూడేళ్లయింది. సాయంత్రాలు నేను ఇటువైపు నడకకు ఎందుకొస్తానో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"గదొక్కటి ఉండనీ," అన్నాడు ఉపేందర్. మైసమ్మతో అన్నాడు, నావైపు చూడకుండా. "ఆరు తీసినం కదా అవ్వా. చాలవా?"

"చాలవు."

"జర ఆలోచించు."

"నీళ్లకు ఆలోచన లేదు బిడ్డా."

తెల్లారితే ఈ ఇంటిని కూలగొట్టిస్తానన్న మనిషి, ఆ జానెడు సిమెంటు కోసం బేరమాడుతున్నాడు. నేను వాడి భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపాను.

"తియ్యి భద్రూ," అన్నాను.

"ఆగు," అంది మైసమ్మ. "గడ్డపార వద్దు. ఉలి ఉన్నదా?"

ఆమె నేలమీద కూర్చుంది. చెయ్యి గుర్తు చుట్టూ బెత్తెడు దూరంలో ఉలి పెట్టి, రాయితో చిన్న చిన్నగా కొట్టింది. వడ్లు దంచినంత నెమ్మది. గంట పట్టింది. ఉపేందర్ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని రెండు చేతులూ పట్టి ఉంచాడు. చివరి దెబ్బకు ఆ సిమెంటు పలక వాడి చేతుల్లోకి ఊడి పడింది. చిటికెనవేలి దగ్గర పెళ్ల విరిగిపోయింది. నాలుగు వేళ్లూ, అరచెయ్యీ మిగిలాయి.

"జర విరిగిందన్నా," అన్నాడు, తప్పు తనదైనట్టు.

"మిగిలింది చూడు," అన్నాను.

మైసమ్మ లోపలి మన్నును వేలితో తోడింది. ముందు నల్లటి బురద వచ్చింది. తర్వాత చెయ్యి మందాన నీళ్లు. మైసమ్మ చీర తడిసింది, ఉపేందర్ చెప్పులు తడిశాయి. ఎవరూ లేవలేదు. కాసేపటికి ఆ నీళ్లు తేటపడ్డాయి.

*

ఉత్తరపు అర్రలో లోపలివైపు నెర్రెకు అడ్డంగా మైసమ్మ మూడుచోట్ల బిళ్లలు వేసింది. సున్నంలో బెల్లం నీళ్లు కలిపి, రూపాయి బిళ్లంత మందాన. పొద్దున మేం తినగా మిగిలిన బెల్లమే.

"గోడ ఇంక జరుగుతాంటే తెల్లారేసరికి ఇవి పగుల్తయి. పగిలితే ఆ మిషిని తోలుకోండ్రి, నేనే దగ్గరుండి కూలగొట్టిస్త. పగులకుంటె గోడ ఆగినట్టే. ఉబ్బిన కాడ రాయి విప్పి మల్ల కట్టుకోవచ్చు. దస్రా వోయినంక మావోల్లను తోల్త." రాజమల్లు బండెక్కుతూ మళ్లీ వెనక్కి తిరిగింది. "పచ్చి సున్నం అది. తలుపులు గట్టిగ వెయ్యకుండ్రి. అదిరితే గోడ జరగకున్న పగుల్తది."

"ఈ ఇంట్ల తలుపులు గట్టిగ కొట్టేది ఒక్కలే," అంది జానకి.

ఉపేందర్ విననట్టు ఫోను చెవికి పెట్టుకున్నాడు. మిషను మనిషికి చేస్తున్నాడు. కరెంటు పొద్దున పోయింది, టవరు పనిచేయడం లేదు. నాలుగుసార్లు చేశాడు.

"కలుస్తలేదు," అన్నాడు నాతో. "ఎనిమిదింటికి రానే వస్తడు."

"వస్తే రానీ. అప్పటికి బిళ్లలు చెప్తయి."

పొద్దుగూకాక జానకి ముద్దపప్పు బతుకమ్మ ఆడి వచ్చింది. పొయ్యి పక్కన రాయి కనబడకపోయేసరికి ఆగింది. ఉపేందర్ దాన్ని తీసుకెళ్లి ఉత్తరపు గోడ దగ్గర, మళ్లీ కట్టే చోట పెట్టాడు. పొయ్యి వెలిగింది. దీపం వెలుతురులో ముగ్గురం పప్పూ అన్నం తిన్నాం. సిమెంటు పలక నా పుస్తకాల గూట్లో గోడకు ఆనించి ఉంది.

"వేలికి ఏమైంది?" ఉపేందర్ అడిగాడు.

"మేకు," అంది జానకి.

వాడు చాలాసేపు పప్పు కలుపుతూనే ఉన్నాడు.

"కిటికీలకు మంచి టేకు తలుపులు పెట్టిద్దం," అన్నాడు. "రేకులు ఎందుకు?"

"రేపు కూలగొట్టే ఇంటికి టేకు తలుపులా?" అంది జానకి.

వాడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. జానకి తల వంచుకుని ఇంకో ముద్ద పప్పు వాడి అన్నంలో వేసింది, నెయ్యి కూడా వేసింది.

తిన్నాక వాడు టార్చి తీసుకుని ఉత్తరపు అర్రలోకి వెళ్లాడు. నేను గడప దగ్గర నిలబడ్డాను. వెలుతురు ఒక బిళ్ల మీద ఆగింది, రెండోదాని మీద, మూడోదాని మీద. మూడోదాని అంచున వెంట్రుకంత గీత ఉన్నట్టు నాకనిపించింది. సున్నం ఆరుతున్నప్పుడు పడిందో, గోడ జరిగి పడిందో. వాడూ చూశాడు. దగ్గరకు వంగి, ఊపిరి బిగబట్టి చూశాడు.

"ఉన్నదా అన్నా?"

"కనవడ్తలేదు. పొద్దుగాల చూద్దం."

బయట గోడ మొదట్లో నీళ్లు కారుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఉపేందర్ టార్చి ఆర్పాడు. బయటికొచ్చేటప్పుడు పొట్టి దర్వాజ కింద తల వంచాడు. చిన్నప్పటి నుంచీ ఆ తలుపును కాలితో తన్ని మూసే మనిషి, దాని బరువు కీళ్ల మీద పడకుండా భుజం ఆనించి పైకెత్తి పట్టుకుని, అంగుళం అంగుళంగా తెచ్చి, చప్పుడు కాకుండా మూశాడు.